షరీఫక్క కొట్లో తెర నల్లబడిన రోజు

నిన్న నేను పనిచేసే కాలేజీ ల్యాబులో ఒక ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే లోపలి ఫ్యాను గుర్రుమంది. లాగిన్ దాకా వచ్చినప్పుడు మోగే చిన్న గంట కూడా వినిపించింది. తెర మీద మాత్రం ఏమీ లేదు. ఆ గంట చెవిన పడగానే మాచర్లలో షరీఫక్క నడిపిన డీటీపీ సెంటరు గుర్తుకొచ్చింది. డిగ్రీ అయ్యాక నేను మొదట పనిచేసింది అక్కడే. పెళ్ళి కార్డులు, కోర్టు అర్జీలు, కరపత్రాలు, అన్నీ అక్కే టైపు చేసేది. కస్టమర్ల పెన్‌డ్రైవుల్లోంచి వైరస్‌లు ఎక్కి విసిగిస్తుంటే కొట్లో ఉన్న కంప్యూటర్లన్నిటినీ విండోస్ నుంచి లైనక్స్‌కు మార్చేసింది. దాని గురించి తనకు పెద్దగా తెలియదని అడిగినవాళ్ళందరికీ చెప్పేది. అలా చెప్పడానికి ఏనాడూ ఇబ్బంది పడలేదు. నేను అలా కాదు. తెలియని ప్రశ్న ఎదురైతే చాలు, ఏదో ఒకటి కల్పించి చెప్పేసేదాన్ని.

ఒకరోజు పొద్దున అక్క తన ల్యాప్‌టాప్‌ను కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేసింది. తిరిగి ఆన్ చేస్తే కంపెనీ గుర్తు కనబడి, ఆపైన అంతా చీకటి. బస్టాండు పక్కన మెకానిక్ షెడ్డు నడిపే బాజీ గారి కూతురి నిఖా కార్డు అందులోనే ఉంది. ఒకవైపు తెలుగు, మరోవైపు ఉర్దూ, అక్షరం అక్షరం సరిచూసి అప్పుడే పూర్తిచేశాం. ఇంకోచోట కాపీ పెట్టలేదు. సాయంత్రంలోగా నరసరావుపేట ప్రెస్సుకు పంపాలి. ఆయన ఎదురుగా బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు.

“ఏందమ్మా, పోయిందా?” అన్నాడు.

నేను ఏదో సర్దిచెప్పబోతుంటే అక్క నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

“ఇంకా తెలవదన్నా. తెలిసినాక నీకే ముందు చెప్తా. పోయి టీ తాగి రా.”

ఆయన కదల్లేదు.

“అంతా చెరిపేసి మళ్ళీ ఎక్కిద్దామా అక్కా?” అన్నాను మెల్లగా.

“చెరిపితే ఆ పిల్ల కార్డు కూడా పోద్ది కదే. ఆగు. మొదట కంపెనీ గుర్తు కనబడిందా?”

“కనబడింది.”

“అంటే తెర బాగానే ఉంది. గంట మోగిందా?”

“మోగింది.”

“అంటే లోపల పని జరుగుతానే ఉంది. తెరకీ దానికీ మధ్యలోనే ఏందో పొసగలేదు. నాకు ఇంతవరకే తెలుసు. ఇంక నువ్వు చూడు.”

ఆ చివరి మాటకు భయం వేసింది. దానికన్నా ఎక్కువగా, నన్ను నమ్మి వదిలేసిందన్న ఆనందం కలిగింది. ఫోనులో వెతికాను. ఆన్ చేసేటప్పుడు ఒక కీ నొక్కితే, అప్‌గ్రేడ్‌కు ముందున్న పాత కెర్నల్‌తో, అంటే మొత్తాన్ని నడిపించే ఆ మూలభాగం పాత కాపీతో, తెరవవచ్చని ఎవరో రాశారు. మొదటిసారి నొక్కడం ఆలస్యమైంది. ఆపేసి మళ్ళీ ప్రయత్నిస్తే తెల్లటి అక్షరాల వరుసలు వచ్చాయి. పాతదాన్ని ఎంచుకున్నాను. కాసేపు నల్లగానే ఉండి, అక్క పెట్టుకున్న సాగర్ డ్యాం ఫోటో తెర నిండా వెలిగింది. కార్డు భద్రంగా ఉంది. బొమ్మను తెర మీదికి పంపే డ్రైవరు కొత్త కెర్నల్‌తో కలవలేదని తర్వాత తెలిసింది. దాన్ని తీసేసి మళ్ళీ ఎక్కించాక కొత్త వెర్షనూ దారికొచ్చింది.

బాజీ గారు దగ్గరికొచ్చి కూతురి పేరు మీద వేలు పెట్టి, “ఉందమ్మా,” అన్నాడు.

“చేసింది ఈ అమ్మాయే,” అంది అక్క.

చూపు మందగించాక అక్క కొట్టు మూసేసి, విజయపురి సౌత్‌లో చెల్లెలి దగ్గర ఉంటోంది.

పోయినేడు మావారు గుమస్తాగా పనిచేసే సున్నం బట్టీ మూతపడింది. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, “ఇప్పుడేం చేద్దాం?” అన్నారు. “నాకూ తెలియదు. రండి, కూర్చుని ఆలోచిద్దాం,” అన్నాను. ఆ మాటతో ఆయన చెప్పులు విప్పి వచ్చి నా పక్కన కూర్చున్నారు. తెలిసినవాళ్ళందరికీ ఇద్దరం కలిసి ఫోన్లు చేశాం. ఇప్పుడాయన నూజెండ్లలో ఒక విత్తనాల కొట్టు చూసుకుంటున్నారు. తెలియదని ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి చెప్పడం, చెప్పాక పక్కనే కూర్చోవడం నేను షరీఫక్క దగ్గరే నేర్చుకున్నాను.