సగటు రెండున్నర

ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో మా ఆవిడా నేనూ కలకత్తా బండి కోసం కూర్చున్నాం. పక్కనే, ఆ ఊళ్ళోనే తాల్‌బగీచా పేటలో ఉండే తెలుగమ్మాయి ఒకతె ఉంది. మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్నానంది. పేరు అడగలేదు.

మా ఆవిడకు కడుపునొప్పి. పదికి ఎంత ఉందని రోజూ సాయంత్రం అడిగి డైరీలో వేసేవాణ్ణి. రెండనో మూడనో చెప్పేది. కలకత్తా డాక్టరుకు చూపించడానికి సగటు కూడా తీశాను.

"సగటు రెండున్నరే," అన్నాను ఆ అమ్మాయితో, కాస్త ధీమాగా.

"బండి లేటుకైతే సగటు తీయొచ్చు తాతగారూ, నిమిషాలన్నీ ఒకటే. నొప్పిలో రెండుకీ మూడుకీ మధ్య ఎంతుందో ఎవరు కొలిసినారు? ఈ అంకెలు ఏది ఎక్కువో ఏది తక్కువో చెప్తాయి, అంతే," అని నవ్వి, మా ఆవిడ వైపు తిరిగింది. "మామ్మగారూ, అంకె వద్దు. పోయిన నెల కన్నా ఇప్పుడు నొప్పి ఎక్కువా, తక్కువా?"

ఆవిడ నా ముఖం చూసి తల దించుకుంది. "ఎక్కువే అమ్మా. నెలనెలకీ ఎక్కువే."

"మరి నాకు రోజూ రెండు, మూడు అన్నావేటి?"

"అంతకన్నా ఎక్కువంటే మీరు అన్నం మానీస్తారు కదా."

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. ఇంతలో ఆమె బండి వచ్చింది. వెళ్తూ మా ఆవిడ చేతిని ఒకసారి పట్టుకుని వదిలింది.

కొన్ని నెలల ముందే తీసుకురావలసింది అన్నారు డాక్టరు. వానలు మొదలయ్యేదాకా ఆవిడ నాతో ఉంది. ఆ రోజుల్లో నేను అంకె అడగలేదు. నిన్నటి కన్నా ఎక్కువగా ఉందా అని మాత్రం అడిగేవాణ్ణి. అడిగిన ప్రతిసారీ నిజమే చెప్పింది.