పాత బ్యాటరీ చేతికిచ్చే మనిషి

ఉబ్బిన బ్యాటరీకి ఒక వాసన ఉంటుంది. గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు, తియ్యగా, కాస్త మత్తుగా. ఈ ఉదయం ఒకావిడ సంచిలోంచి ఫోను తీసి నా కౌంటరు మీద పెట్టగానే ఆ వాసన కొట్టింది. సింహాచలం బాబాయి గుర్తొచ్చాడు. ఆయన గుర్తొచ్చిన రోజు నాకు అన్నం సయించదు.

ఒడిశా బరంపురంలో, గోసాని నువాగాం పేటలో ఆయనది చిన్న ఫోన్ల రిపేరు కొట్టు. డిగ్రీ అయ్యాక ఎక్కడా ఉద్యోగం దొరక్క అక్కడ చేరి నాలుగేళ్లు పనిచేశాను. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే బాబాయి. ఆయనకో పట్టింపు ఉండేది. వచ్చినవాళ్లను బల్లకి అవతల నిలబెట్టడు. పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టి, వాళ్ల కళ్లముందే ఫోను విప్పుతాడు. మరలన్నీ తెల్ల సాసరులో వేస్తాడు. పనయ్యాక, తీసేసిన పాత బ్యాటరీని తప్పకుండా వాళ్ల చేతిలో పెడతాడు. "చెత్తే కదా బాబాయి, ఎందుకిదంతా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"సెత్తో బంగారమో, ఆళ్లది ఆళ్లకియ్యాల. మనం ఏటి తీసినామో, ఏటి ఏసినామో ఆళ్లకి తెలాల గదా," అన్నాడు.

అప్పట్లో గోరుతో మూత లేపితే బ్యాటరీ చేతిలోకి వచ్చేసేది. తరువాత జిగురుతో అతికించిన ఫోన్లు వచ్చాయి. "డబ్బులిచ్చి కొన్నోడు మూత తీసి సూసుకోకూడదా? ఇదేటి అన్యాయం!" అని తిట్టుకుంటూనే, చేతులు కాల్చుకుని ఆ పనీ నేర్చుకున్నాడు, నాకూ నేర్పాడు. ఆ నేర్పు చూసే ఈ ఫోన్ల కంపెనీ సర్వీసు సెంటరు నన్ను తీసుకుంది. "ఎల్లు తల్లీ, నెలనెలా జీతం వస్తాది," అని ఆయనే పంపించాడు. ఇక్కడ ఫోన్లు అద్దాల తలుపు వెనక విప్పుతారు. సొంతదారు లోపలికి రాకూడదు. పాత బ్యాటరీ తిరిగి ఇవ్వకూడదు.

రెండేళ్ల క్రితం బాబాయి నా కౌంటరుకి వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆయన్నే నమ్ముకున్న, అస్కా ఊరి చెరకు రైతు ఫోను బాగుచెయ్యాలట. "ఒక్క కంపెనీ బ్యాటరీ ఇప్పించమ్మా, డబ్బులిస్తాను," అన్నాడు. బయటివాళ్లకి అమ్మం అన్నాను. నిజమే, అమ్మం. ఆయన వెళ్లిపోయి, అదే రకం పగిలిన ఫోనొకటి ఎక్కడో వెతికి పట్టుకుని, అందులోని అసలు బ్యాటరీ తీసి రైతు ఫోనులో వేశాడు.

వారం తిరక్కుండా ఆ రైతు బాబాయిని వెంటబెట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. తెర మీద, ఈ బ్యాటరీ అసలైనది కాదేమో అని హెచ్చరిక. దాని సంగతి నాకు తెలుసు. ఏ ఫోను బ్యాటరీని ఆ ఫోనుకే, లోపలి నంబరుతో, కంపెనీవాళ్లు కట్టిపడేస్తారు. కంపెనీ మిషనుతో ఆ కట్టు విప్పకపోతే, అసలుది వేసినా ఫోను అదే కూత కూస్తుంది.

"ఇది నకిలీదా అమ్మా?" అని రైతు ఒడియాలో అడిగాడు.

మేనేజరు నా వెనకే ఉన్నాడు. ఇలాంటప్పుడు అనమని మాకు నేర్పిన మాట ఒకటుంది. "బయట వేయించుకున్నదానికి మా పూచీ లేదండీ," అన్నాను. అబద్ధం కాదు, అందుకే అంత బాగా పనిచేసింది. రైతు బాబాయి వైపు తిరిగి, "ఇరవై ఏళ్లు నమ్మాను," అన్నాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. బాబాయి ఆయన్ని చూడలేదు, నన్ను చూశాడు. నేను తల వంచుకుని రసీదు పుస్తకం తిరగేశాను.

సింహాచలం డూప్లికేటు సరుకు వేస్తాడని ఊరంతా పాకింది. ఆర్నెల్లకి కొట్టు మూసేశాడు. సామాను సర్దుతున్న రోజు వెళ్లాను. రైతు పట్టుబట్టి తీయించేసిన ఆ బ్యాటరీ తెల్ల సాసరులో ఉంది. బాబాయి దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది మంచిదేనమ్మా. నీకు తెలుసు గదా. నీ దగ్గిరే ఉండనీ," అన్నాడు.

క్షమించమని కూడా అడగలేకపోయాను. కంపెనీని ఎంత తిట్టుకున్నా, ఆ మాట అన్నది నా నోరే.

ఈ ఉదయం వచ్చినావిడకి, ఈ రకానికి బ్యాటరీలు రావడం ఆగిపోయింది, కొత్త ఫోను కొనుక్కోండని చెప్పి పంపాను. ఆవిడ వెళ్లాక సొరుగు తీసి, బాబాయి ఇచ్చిన బ్యాటరీకి మీటరు పెట్టి చూశాను. ఇంకా బాగానే ఉంది.