ముప్ఫై సెకన్ల ముక్కలు

మా చర్చి సంఘంలో ఎవరు చనిపోయినా, ఏడాది తిరిగాక జరిగే జ్ఞాపకార్థ కూడికలో వాళ్ళ ఫోటోలతో ఒక వీడియో చూపిస్తారు. చాలా ఏళ్ళుగా ఆ వీడియోలు చేసింది నా భార్య. ఫోటోల మీద గులాబీ రేకులు రాలుతూ ఉంటాయి. చివర్లో రెండు పావురాలు ఎగిరిపోతాయి. ఆ రేకులు నాకు మొదటి నుంచీ నచ్చలేదు. మనిషి ముఖాన్ని సరిగా చూడనివ్వవని ఒకసారి అన్నాను. ఏడ్చేవాళ్ళకు ముఖం ఒక్కటే చాలదులే అని తన పని తాను చేసుకుంది.

ఈ ఏడు ఆమె కూడిక వచ్చింది. వీడియో నేనే చేశాను. ఫోటో తర్వాత ఫోటో, అంతే. పాట కూడా పెట్టలేదు. నా మరదలికి చూపిస్తే చివరిదాకా చూసి, కళ్ళు తుడుచుకుని అంది: "ఊరందరికీ పూలేసింది గదా బావా. అక్కకే లేకుండా ఎట్టా చూపిస్తావు?"

కూడికకు ఇంకా పది రోజులుంది.

కంప్యూటర్ ముందు గదిలోనే ఉంది, పాత చీరతో ఆమె కుట్టిన గుడ్డ కింద. రేకుల ఎఫెక్టు ఎక్కడుందో వెతికి పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. పెట్టి, వీడియో తయారు చెయ్యమని నొక్కాను. ఒకటిన్నర నిమిషం నడిచి తెర నల్లబడింది. మళ్ళీ వెలిగాక, డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి తిరిగి కోలుకుందని మూలన ఒక వాక్యం కనిపించింది. వీడియో మాత్రం పోయింది. మళ్ళీ నొక్కాను. ఈసారి ఒక నిమిషానికే.

డ్రైవర్ అంటే కంప్యూటర్‌కూ అందులోని గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య మాటలు నడిపే చిన్న ప్రోగ్రాము అని ఆ వారంలోనే తెలుసుకున్నాను. బొమ్మల పని ఎక్కువైనప్పుడు అది చేతులెత్తేస్తుంది. ఇంటర్నెట్‌లో ఇదే బాధ పడినవాళ్ళు వందల మంది ఉన్నారు. ఒకరు కొత్త డ్రైవర్ వెయ్యమన్నారు, వేశాను. ఇంకొకరు కొత్తదే అసలు జబ్బు, పాతది వెయ్యమన్నారు. ఉన్నదాన్ని ఆనవాలు లేకుండా తీసేసి పాతది వేశాను. దాని కంటే పాతది వేశాను. ప్రతిసారీ కంప్యూటర్ ఆపి, మళ్ళీ వెలిగించి, మళ్ళీ నొక్కి, తెర నల్లబడేదాకా కూర్చోవడం. నల్లబడుతుందని తెలిసి కూడా కూర్చోవడం. కార్డుకు పని చెప్పకుండా వీడియో చేసే దారి కూడా ఒకటి ఉంది. ఆ దారిన ఫోటోలు వచ్చాయి కానీ రేకులు రాలేదు.

అయిదో రోజు డబ్బా మొత్తం ఆటోలో ఒళ్ళో పెట్టుకుని నెల్లూరు తీసుకుపోయాను. రిపేరు షాపతను మూత విప్పి, కార్డు బయటికి లాగి, దాని అంచున ఉన్న బంగారు రంగు గీతలు చూపించాడు. పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. మా ఇల్లు సముద్రానికి దగ్గర. కిటికీ ఊచలే నిలవవు.

"ఉప్పుగాలి సార్. ఇది ఇన్నేళ్ళు పనిచేసిందే ఎక్కువ," అన్నాడు. బడిపిల్లలు వాడే రబ్బరుతో ఆ గీతలు రుద్ది, దుమ్ము ఊది, తిరిగి బిగించాడు. కొత్త కార్డు ఈ పాత డబ్బాకు సరిపడదని, మొత్తం మార్చాలని కూడా చెప్పాడు. మారిస్తే ఆమె పెట్టుకున్నవన్నీ మళ్ళీ వెయ్యాలి. రోజులు లేవు. వద్దన్నాను.

ఇంటికి తెచ్చి నొక్కాను. ఈసారి రెండు నిమిషాలు నడిచింది. వీడియో పదకొండు నిమిషాలు.

రేకులు లేవని మరదలికి ఫోను చేసి చెబుదామనుకున్నాను. దానికి ముందు, ఆమె ఏ సెట్టింగులు వాడేదో చూద్దామని, చివరిగా చేసిన ఒక సంఘపెద్ద వీడియో ఫోల్డరు తెరిచాను. అందులో పూర్తయిన వీడియోతో పాటు ఇరవైకి పైగా చిన్న చిన్న వీడియోలున్నాయి. ఒకటి, రెండు, మూడు అని అంకెలే పేర్లు. ఒక్కోటి ముప్ఫై సెకన్లు. ఇంకో ఫోల్డరు తెరిచాను. అందులోనూ అంతే. నాలుగేళ్ళ కిందటి వాటిలోనూ అంతే.

కార్డు అప్పటి నుంచే ఆగిపోతోంది. ఆమె అది ఆగేలోపు వచ్చినంత ముక్క తీసుకుని, కార్డు చల్లారాక తర్వాతి ముక్క చేసి, అన్నీ అతికించేది. అతికిన చోట రాలుతున్న రేకులు ఒక్కసారి ఎగిరిపడి వేరే చోట కనిపిస్తాయి. చర్చిలో అన్నిసార్లు కూర్చుని నేనది ఎన్నడూ గమనించలేదు. రేకులు మొదలవగానే తల దించుకునేవాణ్ణి.

ఆ కంప్యూటర్ పక్కన చాట పెట్టుకుని మునగాకు దూస్తూ, మధ్య మధ్యలో లేచి ఏదో నొక్కి వచ్చి కూర్చునేది. లోపలి గదిలో చదువుకుంటూ, ఈ పనిని తీరిగ్గా సాగదీస్తోందనుకునేవాణ్ణి. నాకు ఒక్క మాటైనా చెప్పలేదే అనిపించింది. చెబితే ఆ పూలు తీసెయ్యమంటాననే చెప్పి ఉండదు అనుకున్నాను. అలా అనుకోవడం కొంత తేలికగా ఉండింది.

రెండు రోజులు ఉదయం పూట కూర్చుని ముక్కలు చేశాను. మొత్తం ఇరవై రెండు. ఒకటి అవగానే ఫ్యాను హోరు తగ్గేదాకా ఆగాలి. పుస్తకం తెరవాలనిపించలేదు. పదమూడో ముక్క మూడుసార్లు పోయింది. అది ఆమె చీపురు పట్టుకుని నవ్వుతున్న ఫోటో. పావురాలు మొదటిసారికే వచ్చాయి.

కూడిక రోజున తెల్లగుడ్డ కట్టి వీడియో వేశారు. ఈసారి తల దించుకోలేదు. రేకులు ఎగిరిపడిన ప్రతిచోటా నాకు తెలిసిపోయింది. జనం ఏడ్చారు. పాస్టరుగారు బాగా వచ్చిందన్నారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే మరదలు పక్కకొచ్చి నిలబడింది.

"అక్క చేసినట్టే ఉండాది బావా. ఆడాడ పూలు ఎగిరిపడేది కూడా అట్నే."

అది నీకెట్లా తెలుసని అడిగాను.

"అక్కే చెప్పింది. ఏందే ఇది, బావను చూడమని చెప్పరాదా అంటే, చెప్పినాలే, చూస్తానన్నాడు అనింది. రెండు మూడు మాట్లు చెప్పినట్టుండాదే."

ఎప్పుడు చెప్పిందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. చూస్తాను అని మాత్రం అని ఉంటాను. పుస్తకంలోంచి తలెత్తకుండా నేను అనే మాట అదే.

మరదలు నా ముఖం వైపు చూస్తూ నిలబడింది.

"అవును, చెప్పింది," అన్నాను.