తాతయ్య సీసాలో నా ఒంటేలు

నా చిన్నప్పుడు మా తాతయ్య నాచేత చేయించిన పని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఏడాదికోసారి అక్కడ పనివాళ్లందరి మూత్రం పరీక్షించేవారు. తాతయ్యకు షుగరు. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భయం. ఒక ఉదయం ఖాళీ టానిక్కు సీసా నా చేతికిచ్చి, "దీంట్లో ఒంటికి పోసియ్యమ్మా, అవ్వకు చెప్పొద్దు" అన్నాడు. తొమ్మిదేళ్ల పిల్లని. ఏదో ఘనకార్యం చేసినట్టు నింపి ఇచ్చాను.

మూడేళ్లు అలాగే నడిచింది. మోసం చేశాడు సరే, ఆ మోసాన్ని తనే నమ్మాడు చూడండి, అక్కడే నాకు మంట. నా మూత్రంతో వచ్చిన కాగితాన్ని అవ్వకు చూపించి, "నా కిడ్నీలు గుండ్రాయి మాదిరి ఉండాయి" అని షుగరు మాత్రలు మానేశాడు.

నాలుగో ఏడు ఆయన కాళ్లు వాచాయి. పక్కింటి అక్క ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. ఆ వాపు చూసి మూత్రం పట్టి ఇమ్మంది. తాతయ్య అలవాటుగా సీసా నాకే అందించాడు. స్నానాలు చేసే బచ్చలింట్లోంచి సీసాతో వస్తున్న నన్ను అక్క చూసింది. ఆయనచేత ఇంకో సీసా నింపించి, ఇద్దరినీ ల్యాబుకు తీసుకెళ్లింది. రెండింటినీ రెండు గాజు గొట్టాల్లో పోసి, స్పిరిట్ దీపం మీద కాచింది. నాది తేటగానే ఉంది. ఆయనది పైన తెల్లగా విరిగింది.

"ఒంట్లో నిలవాల్సిన ప్రోటీను ఒంటేల్లో పోతా ఉండాదప్పా. మొదట్లోనే దొరికింటే షుగరు, బీపీ అదుపులో పెట్టుకొనుంటివి. మూడేండ్లు ఈ పిల్ల కిడ్నీలు చూపిస్తివి. నీవి ఎవురు చూసినారు?" అంది అక్క.

రెండేళ్లకు పోయాడు. నాకు ఏడుపుకన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఆయన మీద, జబ్బు బయటపడితే కూడు పోతుందని మనిషిని అంతగా బెదరగొట్టిన ఆ ఫ్యాక్టరీ మీద కూడా.

ఇప్పుడు నాకూ షుగరే. వాపూ నొప్పీ లేకపోయినా ఏటా మూత్రపరీక్ష చేయించుకుంటాను. మొన్న చందాపురలో ల్యాబు ముందు వరుసలో ఒకాయన, "మా పిల్లోనిది పట్టుకొచ్చింటే సరిపోతా ఉండె" అన్నాడు. అందరూ నవ్వారు. ముక్కూ మొహం తెలియని ఆ మనిషిని అక్కడే కడిగేశాను. పాపం, ఆయన బిత్తరపోయాడు. "నీది నువ్వే ఇయ్యి తాతా" అని ఆ రోజు తాతయ్యతో అనలేకపోయాను. అదే కోపం ఇప్పుడు ఎవరు దొరికితే వాళ్ల మీద పడుతోంది.