రాగిముద్దకు పడిన చిల్లి

మొన్న ఆదివారం మా చెల్లెలికి ధైర్యం చెప్పేదానికని రాయల్పాడు పోయి, ఇంటిల్లిపాదినీ ఏడిపించి వచ్చినాను. టీ తాగతా వినండి.

మా సుజాతకు ఇప్పుడు ఐదో నెల. పోయినసారి కడుపు నిలవలేదు, అందుకని ఈసారి తుమ్మినా భయమే. మర్నాడు కోలారులో స్కానింగు. అన్నం ముందర కూర్చుని మెల్లగా అడిగింది.

"అక్కా, ఒక చుక్క నుంచి కండ్లూ కాళ్లూ అన్నీ వస్తాయి కదా. ఏది యాడ రావల్లో దానికెట్లా తెలస్తాది? యాడన్నా తప్పిపోతే?"

నేను కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని కదా, సెమినారుకు చదవతా ఉండేది సరిగ్గా అదే. టోపాలజీ అని లెక్కల్లో ఒక భాగం. వస్తువును ఎంత సాగదీసినా, నొక్కినా మారకుండా మిగిలేదేదో అది చూస్తాది. పిండం ఎట్లా రూపు కడతాదో, జంతువుల ఒళ్లు తరతరాలకూ ఎట్లా మారిందో ఇప్పుడు ఆ లెక్కతోనూ చూస్తా ఉండారు.

తినే తట్టలో రాగిముద్ద చేతిలోకి తీసుకున్నాను. "చూడు సుజీ, బిడ్డ మొదట్లో ఇట్లా గుండ్రంగా ఉంటాది. సాగదీసినా ముద్ద ముద్దే. ఇంగ ఒక పక్క గుంత పడతాది." బొటనవేలు లోపలికి నొక్కినాను. "అది అవతలికి తేలితే చిల్లి. నీ బిడ్డకు ఈపాటికి చిల్లి పడే ఉంటాది."

ముద్దలోకి పోసే సారు గిన్నె పట్టుకొచ్చిన సుజాత అత్త చెవిన ఆ చివరి మాట ఒకటే పడింది. గిన్నె కింద పెట్టి అట్లే కూలబడింది.

"బిడ్డకు చిల్లా? గుండెలోనా? నా కాడ ఎందుకు దాచినారమ్మా?"

ఆమె ఏడుపు చూసి, అంతదాకా బాగా వింటా ఉన్న సుజాత కూడా ఏడ్చింది. మా మరిది, సుజాత మొగుడు, పాలు పిండేది వదిలిపెట్టి పరుగెత్తుకొచ్చి, "కారు పిలుస్తాను, బెంగళూరికే పోదాం" అన్నాడు.

నేను అడ్డం పడినాను. "అయ్యో, అది పడాల్సిందే అత్తా. నాకుండాది, నీకూ ఉండాది."

"నా గుండెకూ ఉండాదా?" అని ఆమె రొమ్ము పట్టుకుంది.

"గుండె కాదత్తా. నోటి కాడ్నించి వెనక దాకా ఒకటే దారి. వడకు నడిమధ్య చిల్లి ఉన్నట్ల. అది లేకుంటే తిన్నది యాడికి పోతాది?"

ఆమె కొంగుతో కండ్లు తుడుచుకుని ఆలోచించింది. "అయితే మొదట నోరు పడతాదా?"

అవునని చెప్పి ఊరుకోవల్సింది. పాఠం చెప్పే నోరు కదా, ఊరుకోలేదు. "శానా పురుగులకు నోరే ముందు. మనకూ మీ ఆవుకూ వెనకది ముందు, నోరు తర్వాత."

మొదట సుజాత నవ్వింది. కడుపు పట్టుకుని, కన్నీళ్లతోనే నవ్వింది. ఆ నవ్వు విని శానా నెలలైంది. నవ్వతా నవ్వతా టక్కున ఆగి, "అత్తా, కదిలింది" అనింది. ఆమె చెయ్యి కడుక్కోకుండానే కోడలి కడుపు మీద పెట్టి, చెవి ఒగ్గినట్ల తలొంచి కూర్చుంది. మేమంతా ఆమెనే చూస్తా ఉండిపోయినాము.

మర్నాడు స్కానింగు కాగానే సుజాత అత్తే ఫోన్ చేసింది. "అంతా బాగుండాదంట తల్లీ. కాన్పుకు నువ్వు తప్పకుండా రావల్ల. లెక్కలు మాత్రం కాలేజీలోనే పెట్టి రా."