ఫొటోల్లో లేని మారిషస్

"ఫోన్ ఎత్తుతలేడు ఆంటీ. ఆరుసార్లు చేసిన. బ్లాక్ చేసినట్టున్నడు. నాలుగింటికి వాని ఫ్లైట్."

కెనడాలోని వాన్ అనే ఊళ్లో, తను పనిచేసే వేర్‌హౌస్ బయట, లంచ్ బ్రేక్‌లో, కావ్యశ్రీ నా కారెక్కి కూర్చుంది. నేను తెచ్చిచ్చిన అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. ఆమె పిన్ని కొడుకు తనీష్ వారం రోజులకని మారిషస్ బయలుదేరాడు. చేతిలో వర్క్ పర్మిట్ ఉంది. పాస్‌పోర్ట్‌లోని వీసా స్టాంపు మాత్రం సెప్టెంబరులోనే అయిపోయింది. పర్మిట్ ఇక్కడ పనిచేసుకోవడానికి. బయటికి వెళితే తిరిగి రావడానికి ఆ స్టాంపు కావాలి.

"చెప్పలేకపోయావా?"

"చెప్పిన. నువ్వు నెలరోజులు ఎంజాయ్ చేసి రాలేదా, నేను పోతే కుళ్లా అన్నడు."

"మరి నువ్వెలా తిరిగొచ్చావమ్మా?"

డబ్బా పక్కన పెట్టేసింది.

"ఎంజాయ్ లేదు, ఏం లేదాంటీ. వారానికని పోయి, వీసా వచ్చేదాంక ముప్పైనాలుగు రోజులు ఇరుక్కున్న."

జగిత్యాల నుంచి ఇక్కడి సార్నియా కాలేజీకి వచ్చి, బస్సుల్లేక మంచులో నడిచి చదువుకున్న పిల్ల. మనవాళ్లు ముందుగా వీసా తీసుకోనక్కర్లేని దీవి అని మురిసిపోయి వెళ్లింది. తిరిగొచ్చే రోజు, కెనడా వీసా స్టాంపు అయిపోయిందని కౌంటర్ దగ్గర ఆపేశారు. అక్కడినుంచే వీసాకు అప్లై చేసి, మరీ-లిన్ అనే ముసలామె ఇంట్లో గది తీసుకుంది.

"ఆ ముసలామె రోజూ పొద్దున వాళ్ల క్రియోల్ భాషల అడిగేది, కెనడా పిలిచిందా అని. లేదని తలూపితే ఇంకో గరిటె పప్పు వేసేది. పొద్దుగూకితే ఆమె మనవలు మంట పెట్టి రవాన్‌లు కాపి వాయించేటోళ్లు. మేకతోలుది, మన డప్పు లెక్కనే. నన్ను కూడా ఎగరమని చెయ్యి గుంజేటోళ్లు. ఒక చేత్తో మెయిల్ చూసుకుంటనే ఎగిరిన. ఆ వీడియోనే స్టేటస్‌ల పెట్టిన. అమ్మ భయపడొద్దని సెలవు పెంచుకున్ననని చెప్పిన. ఈడ పాత జాబ్ పోయింది."

తనీష్ చూసింది ఆ వీడియోనే.

"నువ్వే వచ్చి చెప్పు, ఎయిర్‌పోర్ట్‌కి నేను తీసుకెళ్తా" అన్నాను.

"ఈడ చేరి పదకొండు రోజులే. షిఫ్ట్ మధ్యల పోతే తీసేస్తరు."

లోపలికి పిలిచే గంట మోగింది. ఆమె కారు తలుపు తీసి, ఫోన్‌లో ఏదో నొక్కింది. నా ఫోన్ మోగింది. మారిషస్‌లో ఆ రోజు తనను విమానం ఎక్కనివ్వలేదని రాసిచ్చిన కాయితం ఫొటో.

"పోండాంటీ, ఎయిర్‌పోర్ట్‌కు పోండి. లైన్లనే ఉంటడు. ఇది చూపించుండ్రి. నేను అబద్ధమాడిన్నని మా అమ్మకు చెప్తనంటడు. చెప్పుకొమ్మనుండ్రి. వాన్ని మాత్రం ఎక్కనియ్యకుండ్రి."