మూడు దాటాక ఊదారంగు

దేవుడు మకావు చిలుకకు రంగులు వేసేముందు మా అమ్మమ్మను ఒక్క మాట అడిగి ఉంటే అది అంత గోలగా తయారయ్యేది కాదు. ఈ మాట గ్వాటెమాలాలో ఎవరి ముందైనా అంటాను. అమ్మమ్మ పేరు రెఫుహియా. మా ఊరి బడిలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బొమ్మలు నేర్పేది. వాళ్ళు ఆమెను "సెన్యో" అనేవారు, టీచరమ్మా అన్నట్టు.

ఆమె క్లాసులో ముందుగా పెన్సిల్ ఇవ్వదు. తడిపిన రంపపు పొట్టు గుప్పిట్లో పెడుతుంది. "పిసుకు. నీళ్ళు కారాయా? ఇంకా ఆరాలి. పొడిపొడిగా రాలిందా? గాలికి పోతుంది." ఈ చదువంతా గుడ్ ఫ్రైడే కోసమే. ఆ రోజు బడి ముందు వీధిలో రంగు పొట్టుతో తివాచీ పరుస్తారు. క్రీస్తు విగ్రహాన్ని మోసే ఊరేగింపు దాన్ని తొక్కుకుంటూ పోతుంది. వెనకే చీపుర్లు వస్తాయి.

కొన్నాళ్ళుగా అమ్మమ్మ కళ్ళకు మసక కమ్మింది. కాఫీలో ఉప్పు వేసి, అదే కొత్త రుచని దబాయించి నాచేత తాగించేది. హెడ్మాస్టర్ దోన్ ఎవెలియో మెత్తగానే చెప్పాడు. "ఈసారి తివాచీ తేడా లేకుండా వస్తే క్లాసు మీదే. లేదంటే ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి."

"విశ్రాంతి మీ ఆవిడకివ్వు, పాపం" అంది అమ్మమ్మ. ఇంటికొచ్చాక మాత్రం చాలాసేపు పొయ్యి వెలిగించలేదు.

గుడ్ ఫ్రైడే నాడు రంగు పొట్టు సంచులను గోడవారగా తన వరుసలో పెట్టించింది, నలుపు చివరన. రంగు కనబడకపోయినా చోటు తెలుసు. ఎండ ముదిరాక ఎవరో మంచి మనసుతో సంచులను నీడకు జరిపారు. వరుస మారిపోయింది.

మా దగ్గర మూడింటిదాకా ఊదా. మూడింటికి ప్రభువు ప్రాణం విడిచాడు కనుక ఆ తర్వాత అంగీలు, జెండాలు, తివాచీ అంచు అన్నీ నలుపే. మా వీధికి ఊరేగింపు వచ్చేది మూడు దాటాకే.

"ఇదిగో నలుపు. అంచు పొయ్యండి" అని అమ్మమ్మ చెయ్యి వేసింది ఊదా సంచి మీద.

తివాచీకి అడ్డంగా వేసిన చెక్క మీద బోర్లా పడుకుని ఉన్న ఎనిమిదో తరగతి పిల్ల నోయెమీ తలెత్తింది. "సెన్యో, ఇదీ..."

"నోరు ముయ్యి. ఊపిరికి పొట్టు లేస్తుంది."

పనిలో మాటలు కూడదన్నది ఆమె నియమమే. పిల్లలు మొహాలు చూసుకుని పోశారు. నేను నీళ్ళ డబ్బాతో వచ్చేసరికి అంచంతా ఊదా. డప్పులు మలుపు దగ్గర వినిపిస్తున్నాయి.

"మీ బడి గడియారం ఆగిందా ఏంటి? స్వామి ఇంకా బతికే ఉన్నాడా?" అన్నాడు రొట్టెల కొట్టాయన. హెడ్మాస్టర్ పరుగున వచ్చాడు.

"తప్పు నాదే సార్" అంది నోయెమీ. "సెన్యో నలుపే పొయ్యమంది. నేనే వేరే సంచి తెచ్చా."

ఆయన మొహం తేలికపడింది. నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాడు.

"అబద్ధం" అంది అమ్మమ్మ. "ఆ సంచి చూపించింది నేను. నాకు కనబడలేదు."

నల్ల అంగీల వాళ్ళు భుజాల మీద విగ్రహం బరువుతో ఊగుతూ ఆ ఊదా మీదుగా నడిచారు. అమ్మమ్మ పక్కన నిలబడి, పొట్టులో పాదాలు దిగే చప్పుడు వింది. నోయెమీ ఆమె చెయ్యి వదల్లేదు.

పండగ తర్వాత క్లాసు వేరేవాళ్ళకు వెళ్ళింది. బడి గంట వినబడినప్పుడల్లా అమ్మమ్మ చెప్పులు వేసుకుని, గుమ్మందాకా వెళ్ళి, విప్పేసేది. చూడలేక అడిగాను.

"ఆ పిల్ల తన నెత్తిన వేసుకుంటానంటే ఊరుకోవచ్చుగా అమ్మమ్మా? క్లాసు మిగిలేది."

"దానికి రంగులు తెలుసురా. తెలియంది నాకు. తప్పినవాళ్ళే ఇంటికి రావాలి. నువ్వు పరీక్ష తప్పి రెండుసార్లు రాలేదూ?"